రేర్ ఎర్త్ పరిశోధనను ఏ కుంచంతో కొలుస్తున్నారో ముందు చెప్పండి

కేంద్ర గనుల శాఖలో నేషనల్ క్రిటికల్ మినరల్ మిషన్ (కీలక ఖనిజాల పథకం) చూస్తున్న అధికారులకు, ఆ మిషన్ కోసం పరిశోధనల లెక్కలు కట్టే నిపుణులకు,

నమస్కారం.

నేను నెల్లూరులో ఉంటున్న రిటైర్డ్ లైబ్రేరియన్‌ని. శాస్త్రవేత్తను కాను. అయినా మీకు ఉత్తరం రాయడానికి నాకు రెండు కారణాలున్నాయి. ఒకటి, మా నాన్న సైదాపురం వైపు మైకా గనుల్లో మేస్త్రీగా పనిచేశాడు. రెండోది, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా చేత కాలేజీ వాళ్లు పుస్తకాల పనికన్నా ఎక్కువగా చేయించిన పని, మన వాళ్లు ఎన్ని పేపర్లు రాశారో లెక్క తీయించడం. ఆ లెక్క ఎలా పెరుగుతుందో, ఎలా తరుగుతుందో నాకు బాగా తెలుసు.

మిషన్‌కి 2025 జనవరిలో కేబినెట్ ఆమోదం వచ్చింది. 16,300 కోట్ల రూపాయలు కేటాయించారు. 2030-31 నాటికి వెయ్యి పేటెంట్లు రావాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఐఐటీలతో, పరిశోధన సంస్థలతో సెంటర్స్ ఆఫ్ ఎక్సలెన్స్ ఏర్పాటు చేశారు. మొదటి ఏడింటిలో రెండు మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి. సంతోషం. ఇంత డబ్బు కదిలాక ఫలితం ఏమిటని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు ఒక స్లైడ్ వస్తుంది. అయస్కాంతాల నుంచి లేజర్ల దాకా పనికొచ్చే రేర్ ఎర్త్ మూలకాల పరిశోధనలో భారత్ ప్రపంచంలో ఫలానా స్థానంలో ఉందని, పదేళ్లలో ఇన్ని రెట్లు పెరిగిందని ఉంటుంది. ఆ స్లైడ్ తయారు కాకముందే ఈ ఉత్తరం మీకు చేరాలని నా ఆశ.

మా జిల్లాలో వడ్లు ఇప్పటికీ పుట్టి లెక్కన అమ్ముతారు. పుట్టి అంటే 850 కిలోలు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రానికి పోతే క్వింటాళ్లంటారు. గోదావరి వైపు పోతే 75 కిలోల బస్తా అంటారు. అందుకే ధర చెప్పగానే మా రైతు ‘అది పుట్టికా, బస్తాకా’ అని అడుగుతాడు. ఆ తర్వాత తేమ ఎంత, తరుగు ఎంత తీస్తారని అడుగుతాడు. అవి తేలేదాకా ధర గురించి ఔననీ అనడు, కాదనీ అనడు. నేను అడగబోయేది కూడా అంతే.

ముందు మా నేల గురించి కొంచెం చెప్పాలి. గూడూరు, సైదాపురం, రాపూరు చుట్టూ ఉన్నది మైకా బెల్ట్. జిల్లా గీతలు ఎన్నిసార్లు మార్చినా మాకది నెల్లూరు మైకానే. మా అమ్మ కాకిబంగారం అనేది. ఆ గనుల్లో మైకాతో పాటు అప్పుడప్పుడు బరువైన నల్లరాళ్లు దొరికేవి. అలాంటి వాటిలో ఒకటి సమర్‌స్కైట్. సైదాపురం వైపున్న శంకర గనిలో దొరికిన సమర్‌స్కైట్ పాత భూగర్భ శాస్త్ర సాహిత్యంలో బాగా పేరున్నది. ఈ ఖనిజానికి ఒక రష్యన్ గనుల అధికారి, సమర్‌స్కీ పేరు పెట్టారు. అందులోంచి 1879లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బోయిస్‌బోద్రాన్ ఒక కొత్త మూలకాన్ని కనిపెట్టి సమేరియం అన్నాడు. అలా ఖనిజం మీదుగా ఒక మనిషి పేరు మూలకానికి చేరడం అదే మొదటిసారి. ఇప్పుడు అదే సమేరియంతో విశాఖపట్నంలో ప్రభుత్వ రంగ రేర్ ఎర్త్ సంస్థ ఐఆర్‌ఈఎల్ ప్లాంటు సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు తయారుచేస్తోంది. దాన్ని 2023 మేలో జాతికి అంకితం చేశారు. ఏడాదికి 3,000 కిలోల సామర్థ్యం. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతులపై ఆంక్షలు పెట్టిన ఏడు మూలకాల్లో సమేరియం కూడా ఉంది. ఆ వార్త పేపర్లో చదివినరోజు మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన కాలంలో నల్లరాయి వస్తే ‘మైకా కాదు’ అని పక్కన పారేసేవాళ్లట.

ఆ ఉత్సాహంలోనే నేను ఈ పనికి దిగాను. మా చెల్లెలి కూతురు పీహెచ్‌డీ చేస్తోంది. వాళ్ల యూనివర్సిటీ లైబ్రరీకి పోయి, అనుమతి తీసుకుని, పరిశోధన పేపర్లు వెతికే పెద్ద డేటాబేస్ ముందు కూర్చున్నాను. రేర్ ఎర్త్ ఎలిమెంట్స్‌ని అందరూ ఆర్‌ఈఈ అని క్లుప్తంగా రాస్తారు కదా, ఆ మూడక్షరాలు కొట్టాను. మొదటి పేజీలోనే ఐసీయూలో ఉన్న రోగులకు ఎన్ని కేలరీలు ఇవ్వాలి అనే పేపర్లు వచ్చాయి. వైద్యుల భాషలో ఆర్‌ఈఈ అంటే రెస్టింగ్ ఎనర్జీ ఎక్స్‌పెండిచర్, మనిషి కదలకుండా పడుకున్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తి. ‘నువ్వు లెక్కపెట్టేది రాళ్లనా, తిండినా మామా’ అని పిల్ల నవ్వింది.

సరే, పూర్తి పేరు కొట్టాను. అప్పుడు చేపలు వల తప్పించుకున్నట్టు అసలైనవి జారిపోయాయి. ఎందుకంటే ఈ రంగంలో పనిచేసేవాళ్లలో చాలామంది ‘రేర్ ఎర్త్’ అనే మాటే రాయరు. రసాయన శాస్త్రం వాళ్లు లాంథనైడ్లు అంటారు. అయస్కాంతాల వాళ్లు నియోడిమియం, ఇనుము, బోరాన్‌ల గుర్తులతో ఎన్‌డీ-ఎఫ్‌ఈ-బీ అంటారు. ఇసుక ఖనిజాల వాళ్లు, రేర్ ఎర్త్‌లు ఉండే ఖనిజం పేరు మోనజైట్ అని రాసి ఊరుకుంటారు. పదిహేడు మూలకాలకీ పేర్లున్నాయి, గుర్తులున్నాయి. లాంథనం నుంచి లుటీషియం దాకా పదిహేను, వాటితో స్కాండియం, ఇట్రియం. గుర్తులతో వెతుకుదామంటే ఇంకో తంటా. అర్బియం గుర్తు ఈఆర్. ఆసుపత్రి ఎమర్జెన్సీ రూమూ ఈఆరే, కణంలో ఉండే ఒక భాగమూ ఈఆరే.

మూలకాల పేర్లన్నీ కలిపి వెతికితే? ఇక్కడ నా కన్ను సాక్ష్యం చెబుతుంది. శుక్లం ఆపరేషన్ అయిన రెండేళ్లకు నాకు మళ్లీ చూపు మసకబారితే, లోపల పొర వచ్చిందని యాగ్ లేజర్ కొట్టారు. అయిదు నిమిషాల్లో పనైపోయింది. ఆ లేజర్‌లో ఉన్నది ఇట్రియం, అల్యూమినియం కలిసిన గార్నెట్ స్ఫటికం, అందులో కొద్దిగా నియోడిమియం. అంటే నా కంట్లో మసక తీసినవి రెండు రేర్ ఎర్త్‌లు. బాగుంది. కానీ ఒక కంటి డాక్టరు అలాంటి వంద ఆపరేషన్ల మీద పేపరు రాస్తే అది నియోడిమియం పరిశోధన అవుతుందా? గడోలినియం ఎక్కించి తీసిన ఎమ్మారై స్కాన్ల మీద వచ్చిన పేపర్ల సంగతి? వాటిని కలుపుకుంటే దేశం సంఖ్య అమాంతం పెరుగుతుంది, తీసేస్తే తగ్గుతుంది. మోటార్ వాడిన ప్రతి రైతునీ ఎలక్ట్రికల్ ఇంజనీర్ అనలేం కదా. అలాగని వైద్యం వైపుదంతా తీసేయడమూ తప్పే. కొత్త గడోలినియం సమ్మేళనం తయారుచేసినవాళ్లూ ఆ పక్కనే ఉంటారు. ఎక్కడ గీత గీస్తారో మీ ఇష్టం. గీసిన చోటు మాత్రం అందరికీ కనపడాలి.

తెలుగులో అయితే ఆ గీత గీసే ముచ్చటే లేదు. పాఠ్యపుస్తకాల్లో విరళ మృత్తికలు అని చదువుకున్నాం, పేపర్లలో అరుదైన ఖనిజాలు అని రాస్తున్నారు, టీవీల్లో రేర్ ఎర్త్‌లు అంటున్నారు. నిజానికి అవేమంత అరుదు కూడా కాదు. భూమి పైపొరలో సీరియం ఇంచుమించు రాగి ఉన్నంత ఉంది. ఒకచోట కుప్పగా దొరకదు, దొరికినా పక్కవాటి నుంచి విడదీయడం కష్టం. అసలు కథంతా ఆ విడదీయడంలో ఉంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

డేటాబేస్ నన్ను ఇంకోచోట కూడా మోసం చేసింది. సంవత్సరాల వారీగా గ్రాఫ్ గీస్తే 1991 దగ్గర గీత ఒక్కసారి పైకి లేచింది. ఆ ఏడు ప్రపంచమంతా రేర్ ఎర్త్‌ల మీద పడిందేమో అనుకున్నాను. తీరా చూస్తే, ఆ డేటాబేస్‌లో పేపర్ల సారాంశాలు ఎక్కించడం మొదలైంది అప్పటినుంచి. అంతకుముందు వాటికి శీర్షిక ఒక్కటే దిక్కు. శీర్షికలో మాట లేకపోతే ఆ పేపరు లేనట్టే. నలభై ఏళ్ల కిందటి పనికన్నా ఇప్పటి పని ఇన్ని రెట్లని చెప్పే స్లైడ్లు చూసినప్పుడల్లా నాకు ఆ గీతే గుర్తొస్తుంది.

ఇక ఊళ్ల పేర్లు. ఇది మీ ఢిల్లీ కంటికి ఆనని విషయం కాబట్టి కొంచెం విడమరచి చెబుతాను. భూగర్భ శాస్త్రంలో ప్రకాశం ఆల్కలీన్ ప్రావిన్స్ అని ఒకటుంది. ఏల్చూరు, పూరిమెట్ల, ఉప్పలపాడు లాంటి ఊళ్ల దగ్గర నెఫెలీన్ సైనైట్ వంటి రాళ్లు బయటపడ్డ ప్రాంతం. ఇలాంటి రాళ్లలో రేర్ ఎర్త్‌లు చేరే వీలు ఎక్కువ. 2023లో అనంతపురం జిల్లాలో రేర్ ఎర్త్‌లు గుర్తించామని హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ చెప్పినప్పుడు కూడా సైనైట్ రాళ్ల మాటే వచ్చింది. ప్రకాశం రాళ్ల మీద ఉస్మానియా శాస్త్రవేత్త సి. లీలానందం లాంటివాళ్లు ఎన్నో ఏళ్లు పనిచేశారు. ఇప్పుడు ఆ పనిని ‘ప్రకాశం’ అని వెతకండి. జిల్లా పుట్టిందే 1970లో, అదీ ఒంగోలు జిల్లాగా. ప్రకాశం పేరు వచ్చింది 1972లో. అంతకుముందు ఆ ఊళ్లు నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల్లో ఉండేవి. 1953కి ముందు రాసినవాటిలో నెల్లూరు పక్కన మద్రాసు అని ఉంటుంది. ఇక ఇంగ్లిష్ స్పెల్లింగులు చెప్పనక్కర్లేదు. చీమకుర్తి ఒక పేపర్లో ఒకలా, ఇంకో పేపర్లో ఇంకోలా ఉంటుంది. కంప్యూటర్‌కి అవి రెండూ వేరే వేరే ఊళ్లు.

పేపర్లుగా రానిదంతా అసలు లెక్కలోకే రాదు. విలియం కింగ్ నెల్లూరు రాళ్ల మీద జియలాజికల్ సర్వే కోసం 1880లో రాసిన నివేదిక దగ్గర్నుంచి నిన్నమొన్నటి ఫీల్డ్ సీజన్ రిపోర్టుల దాకా, యూనివర్సిటీల్లో బైండింగ్ చేసి బీరువాలో పెట్టిన థీసిస్‌లు కూడా. థీసిస్‌లు కొన్ని ఇప్పుడు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండారంలో దొరుకుతున్నాయి, అది మంచిపని. మీరు లెక్క కట్టేటప్పుడు దాన్ని తెరిచి చూస్తారో లేదో.

ఇప్పుడు నా సొంత పాపం ఒకటి ఒప్పుకోవాలి. నేను పనిచేసిన ఒక కాలేజీకి, పేరు వద్దులెండి, తనిఖీ బృందం వస్తుందంటే నెలరోజులు టెన్షన్. ప్రతి డిపార్ట్‌మెంటూ తన పేపర్ల జాబితా నాకిచ్చింది. కలిపి మొత్తం వేశాను. రాత్రి మళ్లీ చూసుకుంటే ఒకే పేపరు ఫిజిక్స్ వాళ్ల జాబితాలో ఉంది, కెమిస్ట్రీ వాళ్ల జాబితాలో ఉంది, లెక్కల మాస్టారు ఎవరో గ్రాఫ్ గీసిచ్చారని వాళ్ల జాబితాలోనూ ఉంది. ఒక దూడకు ముగ్గురు యజమానులు. తీసేద్దామంటే పైవాళ్లు వద్దన్నారు. నేనూ నోరు మూసుకున్నాను. అదే పని దేశాలూ చేస్తాయి. ఒక పేపర్లో మన శాస్త్రవేత్త ఒకరు, చైనావాళ్లు నలుగురు, జర్మనీవాళ్లు ఇద్దరు ఉంటే మూడు దేశాలూ చెరొకటి వేసుకుంటాయి. పేరు పేరునా భాగాలు వేసి పంచితే మనకు వచ్చేది ఏడో వంతు. రెండు పద్ధతులూ పుస్తకాల్లో ఉన్నవే, రెండూ న్యాయమైనవే. కానీ మొదటి పద్ధతిలో వచ్చిన నిరుటి అంకె పక్కన రెండో పద్ధతిలో వచ్చిన ఈ ఏటి అంకె పెట్టకూడదు. సైటేషన్ల మీద, అంటే ఒక పేపరును మిగతా పేపర్లు ఎన్నిసార్లు ఉదహరించాయనే దాని మీద వచ్చే సూచీల సంగతి నేను పొడిగించను. వాటిలో పెద్ద దేశానికి, తన పేపర్లు తానే ఉదహరించుకునే దేశానికి లాభం అని ఒక్క మాట చెప్పి వదిలేస్తాను.

పెద్ద దేశం అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. మొత్తం సంఖ్య చూస్తే ఎక్కువమంది శాస్త్రవేత్తలున్న దేశానిదే పైచేయి. దాంతో తెలిసేదేమీ లేదు. ఒక ఊళ్లో వెయ్యి ఎకరాలున్నాయి, ఇంకో ఊళ్లో వంద ఉన్నాయి. మొలగొలుకుల వడ్లు ఎవరు ఎక్కువ పండించారంటే పెద్ద ఊరే. మొలగొలుకుల మీద మక్కువ ఎవరికి ఎక్కువో తెలియాలంటే ఉన్న పొలంలో ఎంత భాగం దానికిచ్చారో చూడాలి. దేశం మొత్తం పేపర్లలో రేర్ ఎర్త్‌ల వాటా ఎంత, ప్రపంచం మొత్తంలో ఆ వాటా ఎంత, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ఒకటి దాటితే మనం దీని మీద గట్టిగా ఉన్నట్టు. ఒకటికి తగ్గితే స్లైడ్ మీద స్థానం ఎంత పైనున్నా మన మనసు వేరేచోట ఉన్నట్టు.

ఈ లెక్కలన్నీ సరిగ్గా కట్టినా అందనిది ఒకటుంది. ఇందాక విడదీయడం అన్నాను కదా. ఈ మూలకాలు అన్నదమ్ముల్లా ఒకే పోలికలో ఉంటాయి. ద్రావకాల్లో కలిపి, వేరుపడనిచ్చి, మళ్లీ కలిపి, ఇలా వందల మెట్లు దాటిస్తే తప్ప ఒకదాన్నొకటి వదలవు. ఎన్ని మెట్లు కావాలో, ఏ మెట్టు దగ్గర ఎంత పోయాలో కాగితం మీద ముందే లెక్కగట్టే సిద్ధాంతాన్ని 1970లలో పెకింగ్ యూనివర్సిటీకి చెందిన షు గ్వాంగ్‌షియన్ తయారుచేశాడు. ఆ లెక్కలు చైనా ఫ్యాక్టరీల్లోకి వెళ్లాయి. 2008కి గాను ఆయనకు వాళ్ల దేశపు అత్యున్నత శాస్త్ర పురస్కారం ఇచ్చారు. ఆ పనికి మీ పద్ధతిలో ఎన్ని మార్కులు పడతాయి? అలాగే నియోడిమియం అయస్కాంతం. జపాన్‌లో సగావా, అమెరికాలో క్రోట్ 1980ల మొదట్లో ఎవరి దారిన వాళ్లు కనిపెట్టారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు వ్యాపారాన్ని నడిపించింది వాళ్ల పేపర్లు కాదు, పేటెంట్లు. మీరు వెయ్యి పేటెంట్లని పెట్టుకున్నారు కదా, అయితే పేటెంట్లే లెక్కిద్దాం అంటారేమో. అలాంటి పేటెంటు ఒకటి చాలు, బీరువాలో పడి ఉండేవి వెయ్యీ చాలవు. వెయ్యిలో ఎన్నింటిని ఎవరైనా లైసెన్సు తీసుకుని ప్లాంటులో వాడారో ఆ అంకె కూడా పక్కనే పెట్టండి.

మన దగ్గర ఇంకో చిక్కు. మోనజైట్‌లో థోరియం ఉంటుంది కాబట్టి అది అణుశక్తి నిబంధనల కింద ఉంది. మీ ప్రభుత్వ లెక్కల ప్రకారమే దేశంలో 1.3 కోట్ల టన్నులకు పైగా మోనజైట్ ఉంటే, అన్ని రాష్ట్రాల్లోకీ ఎక్కువ ఉన్నది మన ఆంధ్రప్రదేశ్‌లో. రేర్ ఎర్త్ నిల్వల్లో మనది ప్రపంచంలో మూడో స్థానం అంటారు. ఉత్పత్తికి వచ్చేసరికి, అమెరికా జియలాజికల్ సర్వే అంచనా ప్రకారం 2024లో చైనా 2,70,000 టన్నులు తీస్తే మనం 2,900 టన్నులు తీశాం. ఈ మధ్యలో ఉన్న దూరాన్ని తగ్గించే పని చాలావరకు అణుశక్తి విభాగపు సంస్థల లోపల జరుగుతుంది. 1952 నుంచి కేరళలో ఆలువా ప్లాంటు నడుస్తోంది. అక్కడి ఇంజనీర్ల చేతుల్లో ఉన్న జ్ఞానంలో ఎంత పేపర్ల రూపంలో బయటికొచ్చింది? రహస్యాలు చెప్పమనడం లేదు. బయటికి రాని పని ఉందని మీ నివేదికలో ఒక వాక్యం రాస్తే చాలు. లేకపోతే పేపర్లు తక్కువున్నాయి కాబట్టి పని తక్కువుందని ఎవరైనా అనుకుంటారు, లేదా దానికి తలకిందులుగా, పేపర్లు ఎక్కువున్నాయి కాబట్టి అయస్కాంతాలు వచ్చేస్తాయని అనుకుంటారు.

కాబట్టి నేను అడిగేవి. స్థానం ప్రకటించిన రోజే, ఏ మాటలతో వెతికారో, ఏవి తీసేశారో ఆ జాబితా మొత్తం బయట పెట్టండి. ఒక పేపరును ఎన్ని ముక్కలు చేసి పంచారో చెప్పండి. వీలైతే డబ్బు కట్టాల్సిన డేటాబేస్‌తో పాటు ఓపెన్‌అలెక్స్ లాంటి ఉచితమైన దాంతో కూడా లెక్క కట్టండి. అలెగ్జాండ్రియా గ్రంథాలయం పేరు పెట్టుకున్నదని లైబ్రేరియన్‌గా నాకు దాని మీద కాస్త అభిమానం ఉన్నమాట నిజమే గానీ, అసలు కారణం అది కాదు. ఒంగోలులో డిగ్రీ చదివే పిల్ల కూడా మీ లెక్కను మళ్లీ కట్టి చూసుకోవచ్చు. శోధ్‌గంగ థీసిస్‌లను, సర్వే నివేదికలను వేరే పట్టికగానైనా చేర్చండి. విక్రమ సింహపురి యూనివర్సిటీ, ఆంధ్రకేసరి యూనివర్సిటీ వాళ్లను అడిగితే ఈ రెండు జిల్లాల పాత ఊళ్ల పేర్లు, వాటి రకరకాల స్పెల్లింగులు విద్యార్థులు ఒక నెలలో రాసిస్తారు. నేనూ కూర్చుంటాను, జీతం వద్దు.

ఇంకొక్కటి. మీ డబ్బుతో వచ్చే ప్రతి పేపర్లోనూ, వాడిన రాయి లేదా ఇసుక ఏ ఊరి నుంచి వచ్చిందో రాయాలని నియమం పెట్టండి. మన పేపర్లలో ఎన్ని కొన్న ఆక్సైడ్ పొడితో చేసినవో, ఎన్ని మన నేల నుంచి తీసినదానితో చేసినవో అప్పుడు తెలుస్తుంది. ఏ స్థానం కన్నా నాకు ఆ అంకె చూడాలని ఉంది.

మా నాన్న గని నుంచి ఒకరోజు పిడికెడంత నల్లరాయి తెచ్చాడు. చూడ్డానికి చిన్నదే, చేతిలోకి తీసుకుంటే బరువు. ముప్పై ఏళ్లు నా టేబుల్ మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాను. సమర్‌స్కైట్‌లో యురేనియం ఉంటుందని చదివాక మా మేనకోడలు దాన్ని తీసి పెరట్లో సిమెంటు తొట్టి కింద పెట్టింది. అది సమర్‌స్కైటో, మామూలు రాయో ఇప్పటిదాకా ఎవరూ పరీక్ష చేయలేదు. ఎక్కడికి పంపాలో చెబితే పంపుతాను. ఏ గని నుంచి వచ్చిందో చీటీ రాసి అంటిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లైబ్రేరియన్,
నెల్లూరు